పాకీ మొదలు పారిశుద్ధ్యం దాకా



పండిత శిక్షణ పొంది, బడిపంతులుగా జీవితం గడిపినవాణ్ణి కాబట్టి ఏ విషయం మీద వ్రాయబోయినా ముందుగా మాటల పుట్టుక వైపే నా దృష్టి పోతుంది. ఈసారి ఎత్తుకొన్న మాట నలుగురిలో పలకడానికి సంకోచించవలసినది. ‘పాకీ’ అన్న మాటను మా తరంవారు చిన్ననాడు ప్రతి ఇంటి పెరట్లోనూ విన్నారు. నేడు ఒక మనిషిని ఆ మాటతో పిలవడం అవమానించడమే. కాని దాని మూలం చూడండి. పారసీకంలో ‘పాక్’ అంటే శుద్ధమైనది, ‘పాకీ’ అంటే శుద్ధి. అటువంటి మంచి శబ్దాన్ని తెచ్చుకొని, మన మలినం ఎత్తే మనిషికి పేరుగా పెట్టి, చివరికి ఆ పేరునే మలినం చేశాము.

ఇది ఒక్క మాటకు పట్టిన గతి కాదు. ఉత్తరదేశంలో ఈ పనివారిని ‘మెహతర్’ అన్నారు. పారసీకంలో దానికి పెద్దవాడు, అధికుడు అని అర్థం. ‘హలాల్‌ఖోర్’ అన్నారు. ధర్మమైన కూడు తినేవాడని దాని భావం. అక్బరు పాదుషా ఆ పేరును వాడుకలోకి తెచ్చినట్లు ‘ఐనీ అక్బరీ’ చెబుతున్నది. ‘సఫాయి’లో ఉన్నదీ స్వచ్ఛతే. ఇక మన ‘పారిశుద్ధ్యం’ పరిశుద్ధ శబ్దం మీద భావార్థక ప్రత్యయం చేరి, ఆదివృద్ధి పొంది ఏర్పడిన తత్సమం. పేర్లన్నీ గొప్పవే. పిలిచే గొంతు మారనంతకాలం ఎంత గొప్ప పేరైనా కొన్నాళ్ళకు చులకనైపోతుందని ఈ నిఘంటు చరిత్ర మనకు చెబుతున్నది.

అచ్చతెలుగులో మరొక మాట ఉన్నది: ‘తోటి’. వెట్టి, తలారి, తోటి అని పల్లెటూళ్ళలో గ్రామసేవకుల వరుస. చావడి ఊడ్చడం, చాటింపు వేయడం, చచ్చిన పశువును ఈడ్చివేయడం వంటి పనులు వీరి పాలబడేవి. సాటివాడు అనే అర్థంలో ‘తోటి మనిషి’ అని కూడా మనమే అంటాము. రెండూ ఒకే ధాతువు నుండి పుట్టినవని నేను వాదించను. అయినా చెవికి ఒకేలా వినబడే ఈ మాటల్లో ఒకటి ఊరి చివర, ఒకటి ఊరి నడుమ ఎందుకు ఉండిపోయినదో ఆలోచించవలసి ఉన్నది.

ఇంతకూ ఈ ఆలోచన ఎందుకు కలిగినదంటే, కొద్దికాలం క్రిందట ఒక పూర్వ విద్యార్థి నా దగ్గరకు ఒక పాఠం తెచ్చాడు. ఊడ్చే సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి తయారైన పాఠమట, తెలుగు సరిచూసి పెట్టమన్నాడు. కస్టమరుతో మర్యాదగా మెలగడం ఎలా, జట్టుగా పనిచేయడం ఎలా అన్నవి అందులో రెండు భాగాలు. నమస్కారం చేయాలి, చిరునవ్వు నవ్వాలి, ఎదురు చెప్పరాదు, సమయం పాటించాలి, తోటి పనివారితో తగవు పడరాదు. ఇవన్నీ మంచి మాటలే, కాదనను. అచ్చుతప్పులు దిద్ది ఇచ్చాను కూడా. కాని దిద్దుతున్నంతసేపూ ఒక సందేహం వీడలేదు. ఈ పాఠానికి రెండవ పుట ఏది? సేవ చేసేవారు ఎలా ఉండాలో ఇంత వివరంగా వ్రాసినవారు, సేవ పొందేవారు ఎలా ఉండాలో ఎక్కడైనా వ్రాశారా? ఆ పుటను వెదకుతూ పోతే నూటయాభై ఏళ్ళ చరిత్ర ఎదురైనది. దానినే ఇక్కడ మనవి చేస్తున్నాను.

‘కస్టమరు’కు తెలుగేమిటని ముందుగా ఆలోచించాను. కొట్లో అయితే ‘బేరం వచ్చింది’ అంటారు. ఇళ్ళకు తిరిగి పాలు పోసేవారికి మాత్రం ‘వాడుక ఇళ్ళు’ ఉండేవి. వాడుక అంటే రోజూ నడిచే సంబంధం. ఒకరి అవసరం ఒకరికి తెలిసిన సంబంధం. వీధి ఊడ్చే మనిషికీ మనకూ ఉన్నది అటువంటిదే. బేరం ఒక్కపూటతో ముగుస్తుంది, వాడుక తరతరాలు సాగుతుంది. కాకపోతే పాల వాడుకలో ఇద్దరూ మాట్లాడుకొంటారు, ఈ వాడుకలో ఒకరే మాట్లాడతారు. అదే తేడా.

మన గోదావరి మండలంలో పురపాలక సంఘాల చరిత్ర 1866 నుండి మొదలవుతుంది. 1865లో మదరాసు ప్రభుత్వం పట్టణాల అభివృద్ధి కోసం చేసిన చట్టాన్ని అనుసరించి రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు పురపాలక సంఘాలు ఏర్పడినవి. అంతకుముందు ఎవరి చెత్త వారి పెంటకుప్పలో పడి, చివరకు పొలానికి ఎరువుగా పోయేది. జనం పెరిగి, ఇళ్ళు దగ్గరై, పొలం దూరమైనప్పుడు చెత్త ఒక ఉమ్మడి సమస్య అయినది. దానితో ‘పట్టణ పారిశుద్ధ్యం’ అనే ఉద్యోగం పుట్టినది. జీతం ప్రభుత్వానిదే అయినా మనుషులను మాత్రం పాత కులవ్యవస్థ నుండే ఎంచుకొన్నారు. ఉత్తరాంధ్ర నుండి వలస వచ్చిన రెల్లివారు, మాదిగవారు, ఉత్తరదేశం నుండి వచ్చిన మెహతర్లు ఈ పనికి కుదిరినారు. కొత్త కచేరీ వచ్చినది గాని, పాత గీత చెరగలేదు.

డెల్టా ప్రాంతానికి ఈ పని ఎంత ప్రాణావసరమో వేరే చెప్పాలి. కాటన్ దొరగారి ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత ఈ నేల సస్యశ్యామలమైనది. నీరు పారించడం తేలికైనది, పారిన నీటిని బయటకు పంపడం మాత్రం కష్టమైనది. అరచేయిలా చదునైన నేల, తవ్వితే చాలు ఊరే నీరు. మురుగు కదలదు. కదలని మురుగులో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది, ఆ దోమ బోదకాలు తెస్తుంది. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎంత ప్రబలి ఉండేదో మా వయసువారికి చెప్పనక్కరలేదు. ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు కనిపించేవారు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన తరువాత దానికి సంబంధించిన శిక్షణ, పరిశోధన కేంద్రాలలో ఒకటి రాజమహేంద్రవరంలోనే వెలసినది. మాత్రలు మింగించినవారి సేవ గొప్పదే. సైడుకాలువలో మోకాలి లోతున దిగి పూడిక తీసినవారి సేవ దానికి ఏమాత్రం తీసిపోదు. కాని ఆరోగ్య చరిత్రలు వ్రాసేటప్పుడు రెండవవారి పేరు రాదు.

నన్నయభట్టు యజ్ఞం చేసిన ఊరని పెద్దలు చెప్పుకొనే మా తణుకు కూడా పంచాయతీ నుండి పురపాలక సంఘంగా ఎదిగిన ఊరే. పాతకాలపు ఇళ్ళ వెనుక సన్నని సందు ఉండేది. వీధి గుమ్మంలోకి రాకుండా, ఆ సందులోంచి వచ్చి, పెరటిగోడకు ఉన్న చిన్న తలుపు తీసి, తట్టలోకి ఎత్తుకొని వెళ్ళేవారు. ఇంటివారు మేలుకొనే వేళకు పని ముగిసిపోయేది. కంటపడకుండా, గొంతు వినబడకుండా పని జరిగిపోవడమే ఆనాటి ‘సేవా ప్రమాణం’. నెలకు కొద్ది డబ్బులు, పండుగనాడు దూరం నుండి వేసే అన్నం, అదే ప్రతిఫలం. ఇంటి నిర్మాణంలోనే, గోడల అమరికలోనే, ఒక మనిషిని చూడకుండా ఉండే ఏర్పాటు చేసుకొన్న సమాజానికి చిరునవ్వు పాఠం ఎవరికి అవసరమో వేరే చెప్పాలా?

ఈ పనివారు ఇక్కడే ఉండిపోలేదు. తెలుగునాట కరవు కాటకాలు, అప్పులు, అంటరానితనం తరిమితే సముద్రం దాటి రంగూనుకు, కొండలు దాటి కోలారు బంగారు గనులకు, మదరాసుకు, బెంగుళూరుకు పోయారు. నేటికీ బెంగుళూరు పౌరకార్మికులలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చెన్నపట్నంలో ఆది ఆంధ్రుల పేటలు ఈ వలసకు గుర్తులే. మన భాష ఎల్లలు దాటి వెళ్ళినదని గర్వించే మనం, అది ఎవరి నోట అంతదూరం వెళ్ళినదో కూడా చెప్పుకోవాలి కదా! 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిపించినప్పుడు భారతీయ కార్మికులు వేలాదిగా నగరం విడిచి నడక దారి పట్టారు. వారిలో ఊడ్చేవారు, మలమెత్తేవారు కూడా ఉన్నారు. దానితో ఆ మహానగరపు పారిశుద్ధ్యం కుప్పకూలిపోయినది. ఉన్నన్నాళ్ళు కనబడని మనిషి లేనప్పుడు మాత్రమే కనబడతాడు. ఈ పని చరిత్రలో పదే పదే కనిపించే సత్యం ఇదే.

సేవ పొందేవారికి పాఠం చెప్పే ప్రయత్నం ఎవరూ చేయలేదని కాదు. అమెరికాలో న్యూయార్కు నగరం చెత్తతో కుళ్ళిపోతున్న రోజులలో, 1895లో జార్జి వేరింగ్ అనే ఆయన వీధుల శుభ్రత శాఖకు అధిపతిగా వచ్చాడు. ఊడ్చేవారికి తెల్లని దుస్తులు తొడిగించాడు. ‘తెల్లబట్టలతో చెత్తపనా?’ అని జనం నవ్వారు. వైద్యులు తెల్లబట్టలు ధరిస్తారు, వీరు చేసేదీ ఆరోగ్యరక్షణే అన్నది ఆ దుస్తులలోని సూచన. 1896లో ఆ సిబ్బందిని నగర వీధులలో కవాతు చేయించాడు. అన్నింటికంటె నాకు నచ్చినది మరొకటి. బడిపిల్లలతో సంఘాలు ఏర్పాటు చేయించి, చెత్త ఎక్కడ వేయాలో, ఊడ్చేవారికి ఎలా సహకరించాలో నేర్పించాడు. అంటే పాఠానికి రెండవ పుటను కూడా వ్రాశాడు.

మన దేశంలో ఆ పుటను తెరిచినది గాంధీగారు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్ళినప్పుడు అక్కడి మరుగుదొడ్ల దుర్గంధం చూసి స్వచ్ఛంద సేవకులను అడిగితే, అది పాకీవారి పని అన్నారట. ఆయన చీపురు అడిగి తీసుకొని శుభ్రం చేశారు. ఆత్మకథలో ఈ ముచ్చట ఉన్నది. 1933 డిసెంబరులో హరిజన యాత్రగా ఆంధ్రదేశం తిరిగినప్పుడూ ఆయన సందేశం అదే. అయితే ఒక చిక్కు ఉన్నది. ఆ పనిని పవిత్రమని స్తుతిస్తే అది ఆ కులానికే శాశ్వతంగా అతుక్కుపోతుందని అంబేద్కరు గారు హెచ్చరించారు. ఆయన మాటలోని సత్యాన్ని తరువాతి కాలం రుజువు చేసినది. పూజించినంత మాత్రాన తట్ట తలమీంచి దిగలేదు.

తట్ట దింపినది ఎక్కువగా ఆ తలల మీది నిర్ణయమే. 1993లో పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని, మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినది. చట్టం కాగితం మీద ఉన్నది, తట్ట తలమీదే ఉన్నది. కోలారు గనులలో తెలుగు కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ గారు, మన రాష్ట్రంలో పేదల ఐ.ఏ.ఎస్. అధికారిగా పేరుపొందిన ఎస్.ఆర్. శంకరన్ గారు, పాల్ దివాకర్ గారు కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమాన్ని నిర్మించారు. ఆ ఉద్యమం వేళ్ళూనినది ఆంధ్రప్రదేశ్ లోనే. పొడి దొడ్లను వెదకి, ఫొటోలు తీసి, అధికారులకు పంపి, జవాబు రాకపోతే తామే పడగొట్టారు. స్త్రీలు తమ తట్టలను కుప్పపోసి తగులబెట్టారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్ లోని పరిస్థితిని గీతా రామస్వామి గారు 2005లో ‘ఇండియా స్టింకింగ్’ అనే ఆంగ్ల గ్రంథంలో వివరించారు. విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చినప్పుడు మన పత్రికలు ‘తెలుగువాడికి గౌరవం’ అన్నాయి. ఆ తెలుగువాడి తల్లిదండ్రుల తరం ఏ పని చేయవలసి వచ్చినదో కూడా అప్పుడే గుర్తుచేసుకొని ఉండవలసినది.

ఇప్పుడు పాఠంలోని రెండవ భాగానికి వస్తాను. జట్టుగా పనిచేయడం వీరికి కొత్తగా నేర్పవలసిన విద్యా? తెల్లవారుజామున మా వీధిలో పని నడిచే తీరు చూడండి. మస్తరు అయిన తరువాత ఇద్దరు స్త్రీలు రోడ్డుకు చెరొక వైపు గాలివాటం చూసుకొని ఊడుస్తూ వస్తారు. కుప్ప ఎక్కడ వేయాలో మాట్లాడుకోకుండానే తెలుసు. కుక్కలు చెదరగొట్టకముందే వెనుక నుండి బండి రావాలి. బండి ఆలస్యమైతే ముందు ఊడ్చినదంతా వృథా. ఒకరు రాకపోతే ఆమె వీధిని మిగిలినవారు పంచుకొంటారు. వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులలో పూడిక తీసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు గట్టు మీద, ఒకరు పార అందుకోవడానికి ఉంటారు. మేస్త్రీ లేకపోయినా ఈ వరుస తప్పదు. దీనిని మించిన జట్టు పాఠం ఏ పుస్తకంలో ఉన్నది?

పూడిక విషయం వచ్చినది కాబట్టి ఒక చిన్న సంగతి. కాలువలోంచి తీసిన బురదను గట్టునే ఒకటి రెండు రోజులు వదిలివేస్తారు. చూసినవారు ‘తీసి మా గుమ్మంలో పడేసి పోయారు, బద్ధకం’ అని తిడతారు. అసలు కారణం వేరు. తడి బురదను వెంటనే ఎత్తితే బండి మోయలేనంత బరువవుతుంది, దారి పొడవునా కారుతుంది. నీరు ఇంకిన తరువాత ఎత్తడమే పద్ధతి. ‘అమ్మా, రేపు ఎత్తేస్తాం, ఆరాలి’ అని ఒక్క మాట చెబితే తగవు ఉండదు. సేవా మర్యాద పాఠంలో ఈ మాట చేర్చదగినదే. కాని ‘ఎందుకు వదిలారమ్మా?’ అని ముందుగా అడిగే ఓపిక ఇంటివారికీ ఉండాలి కదా. ప్రశ్న అడిగినవారికే జవాబు దొరుకుతుంది, తిట్టినవారికి దొరకదు.

జట్టు అన్నది మర్యాద మాత్రమే కాదు, ప్రాణం కూడా. భూగర్భ మురుగు తొట్లలో చేరే హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనది. అడుగున నిలిచి ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైనప్పుడు వాసన పసిగట్టే శక్తినే చంపివేస్తుంది. వాసన పోయినదని లోపలికి దిగినవారు అక్కడే కూలిపోతారు. వారిని చూసి ఆదుర్దాగా దిగినవారూ కూలిపోతారు. 2016 ఆగస్టులో హైదరాబాదు మాదాపూర్ లో ఇలాగే కార్మికులతోపాటు వారిని కాపాడబోయిన మనిషి కూడా మరణించారు. తోటివాడి కోసం ప్రాణానికి తెగించడం కంటె పెద్ద జట్టుతనం ఏమున్నది? లోపించినది అది కాదు; త్రాడు, ఊపిరి పరికరం, యంత్రం, దిగవద్దని చెప్పే అధికారి, ఇవీ లోపించినవి.

అందుకే 2013 నాటి చట్టం కింద వచ్చిన నియమాలు ఈ ‘జట్టు’కు నిర్వచనం ఇచ్చాయి. తప్పనిసరి పరిస్థితిలో ఎవరైనా దిగవలసి వస్తే కనీసం ముగ్గురు అక్కడ ఉండాలి, వారిలో ఒకరు పర్యవేక్షకుడు కావాలి, ఒకేసారి 90 నిమిషాలకు మించి పని చేయించరాదు, రక్షణ సామగ్రి ఇవ్వాలి. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుండి మురుగు తొట్లలో మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది. ఈ మధ్యలో, 2015 డిసెంబరు నుండి 2016 ఏప్రిల్ దాకా 125 రోజులపాటు దేశమంతా భీమ్ యాత్ర సాగినది. ‘మమ్మల్ని చంపడం ఆపండి’ అన్నదే వారి నినాదం. కస్టమరుకు వీరు చెప్పదలచిన మాట ఇంత చిన్నది.

ఈ మాట వింటే నాకు మెంఫిస్ గుర్తుకు వస్తుంది. అమెరికాలోని ఆ ఊళ్ళో 1968 ఫిబ్రవరి 1న వాన పడుతుండగా చెత్తలారీ వెనుక భాగంలో తలదాచుకొన్న ఇద్దరు నల్లజాతి కార్మికులు, యంత్రం అకస్మాత్తుగా కదిలి నలిగిపోయారు. ఆ తరువాత 1300 మంది పని మానేశారు. వారు పట్టుకొన్న అట్టల మీద జీతం మాట లేదు. ‘నేను మనిషిని’ అని మాత్రమే ఉన్నది. వారికి బాసటగా వెళ్ళిన మార్టిన్ లూథర్ కింగ్ గారిని ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. మనిషినని అట్ట మీద వ్రాసి చూపించవలసిన అగత్యం ఏ పనివాడికి వస్తుంది? ఎదుటివారు ఆ సంగతి మరచినప్పుడే కదా!

మన దగ్గరా ఈ బాధ డబ్బు రూపంలో బయటపడుతూ వచ్చినది. శుభ్రతకు ఎవరు చెల్లించాలన్నది పాత తగవే. 1921లో పురపాలక సంఘం పన్నుల భారం మోయలేమని చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ఊరే విడిచి, రామనగరం కట్టుకొని పదకొండు నెలలు ఉన్నారు. నూరేళ్ళ తరువాత 2021లో ఆంధ్రప్రదేశ్ లో ఇంటింటికీ చెత్త రుసుము వచ్చినది, జనం గొణిగారు, 2024లో అది రద్దయినది. రుసుము న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. గమనించవలసినది ఏమంటే, రుసుము విధించినది ఎవరో అయినా ఆ కోపమంతా వినవలసి వచ్చినది బండి దగ్గర నిలబడిన మనిషే. 2023 డిసెంబరు 26 నుండి రాష్ట్రమంతటా పురపాలక కార్మికులు సమ్మె చేసినప్పుడు, కొద్దిరోజులకే వీధులు ఏ స్థితికి వచ్చాయో అందరూ చూశారు. రంగూను పాఠాన్ని మనం మళ్ళీ చదువుకొన్నాము.

మార్పు లేదని అనను. 2003 ప్రాంతంలో నల్లగొండ జిల్లాలో ఉన్న సూర్యాపేట, వీధికుండీలు లేని పట్టణంగా దేశానికి ఆదర్శమైనది. చెత్తను ఇంటి దగ్గరే వేరుచేసి ఇవ్వడం వల్ల అది సాధ్యమైనది, అంటే గృహస్థు కూడా జట్టులో చేరాడు. పుణె నగరంలో చెత్త ఏరుకొనే స్త్రీలే ‘స్వచ్ఛ్’ అనే సహకార సంఘం పెట్టుకొని, ఇంటింటా రుసుము తామే తీసుకొంటూ పనిచేస్తున్నారు. వాడిన రుతుస్రావపు గుడ్డలను, పసిపిల్లల డైపర్లను కాగితంలో చుట్టి, పైన ఎర్రచుక్క పెట్టి ఇవ్వమని వారు ఇంటివారికి నేర్పారు. ఆ ఎర్రచుక్క చూసిన చేయి జాగ్రత్త పడుతుంది. ఎంత చిన్న చుక్క, ఎంత పెద్ద మర్యాద! 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నియమావళి తడి, పొడి, ప్రమాదకర చెత్తలను వేరుచేసి ఇవ్వడం ఇంటివారి బాధ్యత అని, కార్మికులకు చేతితొడుగులు, పాదరక్షలు, వానకోటు ఇవ్వడం స్థానిక సంస్థ బాధ్యత అని వ్రాసినది. నేను వెదకుతున్న రెండవ పుట చిట్టచివరకు చట్టపుస్తకంలో దొరికినది.

2025 మార్చి 15న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి మా తణుకే వచ్చి పారిశుద్ధ్య కార్మికులతో ముచ్చటించారు. మంచిదే. అయితే ముఖ్యమంత్రి ఏడాదికి ఒకసారి మాట్లాడతారు. మనం ప్రతిరోజూ ఉదయం ఆరు గంటలకు మాట్లాడవచ్చు, మాట్లాడము. మన వీధి ఊడ్చే ఆమె పేరు మనలో ఎంతమందికి తెలుసు? పాలవాడి పేరు తెలుసు, పేపరు కుర్రవాడి పేరు తెలుసు. ఎండలో వచ్చిన ఆమె మంచినీళ్ళు అడిగితే ఏ గ్లాసులో ఇస్తున్నాము? పగిలిన గాజుపెంకును విడిగా చుట్టి ఇస్తున్నామా, కూరతొక్కలలో కలిపివేస్తున్నామా? నాలుగైదు గంటలపాటు వీధిలో పనిచేసే స్త్రీకి కాలకృత్యాలకు చోటు ఎక్కడున్నదని ఎప్పుడైనా అనుకొన్నామా? ఊరి దొడ్లన్నీ కడిగే ఆమెకే దొడ్డి దొరకకపోవడం కంటె విడ్డూరం ఉన్నదా?

శిక్షణ వద్దనడం నా ఉద్దేశం కాదు. యంత్రాలు వస్తున్నాయి, కొత్త విద్యలు నేర్చుకొనే హక్కు వారికి ఉన్నది, వారి పిల్లలకు ఆ పని వదిలి వేరొకటి చేసే హక్కు అంతకంటె ఎక్కువగా ఉన్నది. మర్యాద పాఠం మాత్రం ఒక పక్షానికే చెబితే అది మర్యాద కాదు, అణకువ పాఠమవుతుంది. నూటయాభై ఏళ్ళుగా వారు మనకు అణగి సేవ చేస్తూనే ఉన్నారు. సేవను స్వీకరించే విద్యలో మనం ఇంకా ఓనమాల దగ్గరే ఉన్నాము. బడులలో పిల్లలకు ఆ పాఠం పెడితే, పెద్దలు వారి దగ్గర నేర్చుకోవచ్చు.

2023లో కేంద్రం పారిశుద్ధ్య కార్మికుల భద్రతకు, యంత్రీకరణకు ఒక పథకం మొదలుపెట్టినది. ఆంగ్లపు పొడి అక్షరాలు కలిపితే దాని పేరు ‘నమస్తే’. పంతులు బుద్ధి కదా, విడదీశాను: నమః, తే. నీకు నమస్కారం. ‘తే’ అన్నది యుష్మచ్ఛబ్దానికి చతుర్థీ ఏకవచనం. ఎవరికి చేస్తున్నామో ఆ ఎదుటి మనిషిని సూచిస్తుంది. ఇంతకాలం ఆ నమస్కారం చీపురు పట్టిన చేతుల నుండి మన వైపు వచ్చినది. వ్యాకరణం మాత్రం ఎవరు పలికినా ఒప్పుకొంటుంది.

మీ మీ ప్రాంతాలలో ఈ పనివారిని ఏ మాటతో పిలిచేవారో, ఆ మాట ఎలా మారినదో తెలిసినవారు దయచేసి తెలుపగలరు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులతోపాటు బెంగుళూరు, చెన్నై తెలుగువారి మాటలు కూడా చేరితే ఈ వ్యాసం సమగ్రమవుతుంది.

స్వస్తి.